ఇంజన్‌కీ చలేస్తుంది

మన మెకానికల్ వాళ్లకి ఇంజన్ విషయంలో ఒకే ఒక్క భయం నేర్పారు. అది వేడి. థర్మల్ ఇంజనీరింగ్‌లో కూలింగ్ సిస్టమ్ చాప్టర్ తెరిస్తే మొదటి ప్రశ్నే "ఇంజన్‌ను ఎందుకు చల్లబరచాలి?" ఆరు పాయింట్లు, ఒక బొమ్మ, పక్కన బాణం గుర్తులు. బట్టీ కొట్టి రాసేస్తాం, మార్కులు పడిపోతాయి. "చల్లబరచడం ఎక్కడ ఆపాలి?" అని మాత్రం నేను తిరగేసిన పాత ప్రశ్నపత్రాల్లో ఒక్కదాంట్లోనూ లేదు. పుస్తకంలో ఓవర్‌కూలింగ్ గురించి రెండు లైన్లు ఉంటాయి కానీ, పరీక్షలో రాని లైన్లు మనం చదవం కదా.

ఈ వ్యాసం ఆ రెండు లైన్ల గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే, చలిదేశాల్లో డీజిల్ ట్రక్కుల ముందు గ్రిల్లుకి కట్టే ఒక గుడ్డ ముక్క గురించి. కెనడాలోనూ, అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లోనూ దాన్ని వింటర్ ఫ్రంట్ అంటారు. మన ఆటో వెనక కట్టే రెగ్జిన్ కర్టెన్ లాంటిదే, కొంచెం మందం. గ్రిల్లు మీద బటన్లతోనో కొక్కేలతోనో బిగిస్తారు. మధ్యలో చిన్న చిన్న కిటికీలు ఉంటాయి, కావాలంటే తెరవచ్చు, వద్దంటే మూయచ్చు. కొనడం ఇష్టం లేనివాళ్లు అట్టపెట్టె చించి రేడియేటర్ ముందు దోపేస్తారు. మన లారీ భాషలో చెప్పాలంటే బండి మూతికి గోనెపట్టా కట్టడం.

సాహిత్య సంఘం పత్రికలో గ్రిల్ కవరు గొడవేంటి అనుకోకండి. మా పెద్దమ్మ కొడుకు ఎడ్మంటన్‌లో ట్రక్కు నడుపుతాడు. ఎంబీయే చదవడానికి వెళ్లాడు, లైసెన్సు తీసుకుని డ్రైవర్ అయ్యాడు. ఇప్పుడు సొంత ట్రక్కు, దానికో పెద్ద అప్పు. మొదటి శీతాకాలంలోనే మా ఫ్యామిలీ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు: "ఒరేయ్ ఇంజనీరూ, ఇక్కడ ఒకడు కవరు కట్టకపోతే ఇంజన్ పాడైపోద్ది అంటున్నాడు, ఇంకొకడు కడితే పేలిపోద్ది అంటున్నాడు. నువ్వు చదువుతున్నది ఇదే కదా, ఏది నిజమో చెప్పు." గ్రూపులో ఉన్న పదిహేడు మందీ నా సమాధానం కోసం కూర్చున్నారు. ఇంజన్ పోతే అన్నయ్యకి పోయేది ఇంజన్ ఒక్కటే కాదు. నెల వాయిదా ఆగుతుంది, పెద్దమ్మకి వచ్చే డబ్బులు ఆగుతాయి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇద్దరూ సగం సగమే చెప్పారు. కవరు కట్టాల్సిందే, కానీ పూర్తిగా ఎప్పుడూ మూయకూడదు. ఎంత మూయాలన్నది అలవాటు చెప్పదు. బయట చలి, వెనక బరువు, ముందు గేజి చెబుతాయి. ఇంకో మాట కూడా ఉంది, అది చివర్లో చెబుతాను. అది ఎడ్మంటన్ గురించి కాదు, మన గురించి.

డీజిల్‌కి చలెందుకు?

పెట్రోల్ ఇంజన్‌లో నిప్పు స్పార్క్ ప్లగ్ పెడుతుంది. డీజిల్‌కి ఆ వసతి లేదు. గాలిని నొక్కి నొక్కి వేడెక్కిస్తే, ఆ వేడికి డీజిల్ తనంతట తాను అంటుకోవాలి. కాబట్టి లోపలికొచ్చే గాలి ఎంత చల్లగా ఉంటే, సిలిండర్ గోడ ఎంత చల్లగా ఉంటే మంట అంత నీరసంగా మొదలవుతుంది. అంటుకోని డీజిల్ తెల్లపొగగా బయటికి పోతుంది, కొంత గోడ మీద పడి అక్కడున్న ఆయిల్ పొరను కడిగేసి కిందికి, సంపులోకి జారుతుంది. ఆయిల్ పలచబడుతుంది, లైనర్లు అరుగుతాయి.

ఇంకో విషయం మనలో చాలామందికి తట్టదు. ఒక కిలో డీజిల్ కాలితే కిలో పైనే నీరు పుడుతుంది. డీజిల్‌లో హైడ్రోజన్ బరువు చూసి లెక్కేసుకోండి, నమ్మకం కుదురుతుంది. వేడి ఇంజన్‌లో ఆ నీరు ఆవిరిగా సైలెన్సర్ దారిన పోతుంది. చల్లటి ఇంజన్‌లో పిస్టన్ రింగుల పక్కనుంచి దిగిన కాస్త ఆవిరీ లోపలే నీరై ఆయిల్‌తో కలుస్తుంది. ఆయిల్ మూత తీస్తే లోపల మీగడలాంటి తెల్ల బురద కనిపించేది అందుకే. ఇక ఇప్పటి ట్రక్కుల్లో మసిని పట్టే ఫిల్టర్ ఒకటుంది. ఆ మసి కాలిపోవాలంటే ఎగ్జాస్ట్ బాగా వేడిగా ఉండాలి. ఇంజన్ చల్లగా తిరుగుతున్నంతసేపూ ఆ ఫిల్టర్ నిండుతూనే ఉంటుంది.

పైగా డీజిల్ ఇంజన్ పొదుపరి. పొదుపు ఎక్కువైన ఇంట్లో పొయ్యి దగ్గర కూడా వెచ్చదనం ఉండదన్నట్టు, ఖాళీగా తిరుగుతున్నప్పుడు అది తాగే డీజిల్ తక్కువ, విడిచే వేడీ తక్కువ. మన థర్మల్ ల్యాబ్‌లో హీట్ బ్యాలెన్స్ షీట్ ప్రయోగం గుర్తుందా? రోప్ బ్రేకు మీద బరువు లేకుండా మొదటి రీడింగు తీస్తాం. అప్పుడు బయటికొచ్చే నీటిని పట్టుకుంటే గోరువెచ్చగా కూడా అనిపించదు. బరువు పెంచేకొద్దీ థర్మామీటర్ లేస్తుంది. అదే ఇంజన్‌ని మైనస్ 35 డిగ్రీల గాలిలో, లోడు లేకుండా, గంటకు 90 కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలికి పెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

కెనడా ఉత్తరాన వజ్రాల గనులకి ఏటా శీతాకాలంలో గడ్డకట్టిన సరస్సుల మీద ఒక దారి వేస్తారు. టిబ్బిట్ నుంచి కాంట్వోయిటో దాకా. లోడు ట్రక్కులు ఆ మంచు మీద గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదు. దాటితే మంచు కింద నీటిలో అల లేచి మంచే పగులుతుంది. చుట్టూ మైనస్ 30, మైనస్ 40. ఇంజన్ మీద పెద్ద పని లేదు, క్యాబిన్‌లో మనిషికేమో హీటరు ఆపకుండా కావాలి. ఆ హీటరు కూడా ఇంజన్ కూలెంట్‌తో నడిచేదే. అంటే అది ఇంకో చిన్న రేడియేటర్. అలాంటి చోట కవరు కట్టొద్దు అనేవాడు ఆ సీట్లో ఒక రాత్రి కూర్చుని మాట్లాడాలి.

థర్మోస్టాట్ ఉండగా కవరెందుకు?

హాస్టల్లో ఈ మాట ఎత్తగానే మా క్లాసు టాపర్ వేసిన ప్రశ్న ఇది. మంచి ప్రశ్న. కూలెంట్ 82 నుంచి 90 డిగ్రీల మధ్యకి వచ్చేదాకా థర్మోస్టాట్ తలుపు తియ్యదు. తలుపు తియ్యకపోతే కూలెంట్ రేడియేటర్‌కే వెళ్లదు. వెళ్లనప్పుడు రేడియేటర్ ముందు అట్ట పెడితే ఎంత, పెట్టకపోతే ఎంత?

కాగితం మీద ఇది తిరుగులేని వాదన. బండి మీద మూడు చోట్ల తప్పుతుంది.

ఒకటి, రేడియేటర్‌ని దాటిన గాలి అక్కడితో ఆగిపోదు. ఇంజన్ బ్లాకు మీదుగా, ఆయిల్ సంపు మీదుగా పోతుంది. థర్మోస్టాట్ నీటికి కాపలా కాస్తుంది, గాలికి కాదు. ఇనప బ్లాకుని నేరుగా మైనస్ 35 గాలి కోసేస్తుంటే లోపల తలుపు మూసుకుని లాభం ఎంత?

రెండు, థర్మోస్టాట్ మూసి ఉన్నంతసేపూ రేడియేటర్‌లో నిలబడిన కూలెంట్ బయటి గాలంత చల్లబడుతుంది. తలుపు తెరవగానే ఆ మంచు నీరంతా ఒక్కసారి వేడి ఇంజన్‌లోకి దూకుతుంది. వెంటనే తలుపు మూత, మళ్లీ తెరవడం, మళ్లీ మూత. గేజి ముల్లు ఊగుతూ ఉంటుంది. కూలెంట్‌లో నీళ్లు ఎక్కువ కలిపి ఉంటే ఇంకా విచిత్రం జరుగుతుంది. సగం గ్లైకాల్, సగం నీరైతే మైనస్ 37 దగ్గరి దాకా గడ్డకట్టదు. నీరు ఎక్కువైతే రేడియేటర్ అడుగు గొట్టాల్లోనే గడ్డ కడుతుంది. దారి మూసుకుపోతుంది. అప్పుడు థర్మోస్టాట్ తెరిచినా కూలెంట్ తిరగదు, ఇంజన్ పొంగుతుంది. అంటే చలి ఎక్కువై ఇంజన్ వేడెక్కిపోవడం! వినడానికి తమాషాగా ఉంటుంది, రిపేరు బిల్లు అంత తమాషాగా ఉండదు.

మూడోది అసలైనది. ఇప్పటి డీజిల్ ట్రక్కుల్లో రేడియేటర్ ముందు ఇంకో జాలీ ఉంటుంది, ఇంటర్‌కూలర్. టర్బో నొక్కి పంపిన వేడి గాలిని సిలిండర్‌లోకి వెళ్లేముందు చల్లబరిచేది అదే. దానికి మామూలుగా థర్మోస్టాట్ ఉండదు. ఎదురుగాలి ఎంత చల్లగా ఉంటే ఇంజన్ పీల్చే గాలి అంత చల్లగా ఉంటుంది, అడ్డుకునే తలుపు లేదు. ఇంజన్ నీటికి తాళం వేసి ముక్కు మాత్రం బార్లా తెరిచిపెట్టినట్టు. ఆ ముక్కుకి కట్టే మఫ్లరే ఈ కవరు.

మా టాపర్ ఇక్కడ ఒప్పుకున్నాడు. మెస్‌లో ఒక ఎగ్ పఫ్ కూడా ఇప్పించాడు.

మరి ముంచేది ఎక్కడ?

అదే ఇంటర్‌కూలర్ దగ్గర. ఏది కవరు అవసరమని చెప్పిందో, అదే కవరు ప్రమాదమనీ చెబుతుంది.

డ్రైవరు కళ్ల ముందు ఉండేది కూలెంట్ గేజి. కవరు మొత్తం మూసేసి, వెనక ముప్పై టన్నులతో ఎక్కుడు దారి పట్టాడనుకోండి. టర్బో గట్టిగా నొక్కుతుంది, గాలి బాగా వేడెక్కుతుంది, దాన్ని చల్లబరచాల్సిన ఇంటర్‌కూలర్ ముందు కవరు. వేడి గాలే సిలిండర్‌లోకి పోతుంది. ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, టర్బో మీద భారం పడుతుంది, ఇంజన్ లాగడం తగ్గుతుంది. కూలెంట్ గేజి మాత్రం ఇంకా మధ్యలోనే నవ్వుతూ నిలబడి ఉండొచ్చు. ఎందుకంటే కూలెంట్ అంటే డజన్ల లీటర్ల ద్రవం, దానికి వార్త ఆలస్యంగా చేరుతుంది. కాబట్టి "ముల్లు మధ్యలోనే ఉంది కదా" అన్న ధైర్యం సగం ధైర్యమే. లోపలికెళ్లే గాలి ఎంత వేడిగా ఉందో చూపే రీడింగు చాలా ట్రక్కుల డ్యాష్‌బోర్డులో ఎక్కడో ఒక మెనూలో ఉంటుంది. అన్నయ్యకి నేను మొదట వెతకమన్నది దాన్నే.

రెండో కొలత ఫ్యాను. పెద్ద ట్రక్కుల్లో ఫ్యాను ఎప్పుడూ తిరగదు. క్లచ్ ఉంటుంది, వేడెక్కినప్పుడే పట్టుకుంటుంది. పట్టుకుంటే పదుల హార్స్‌పవర్ మింగేస్తుంది. గడ్డకట్టే చలిలో ఫ్యాను మాటిమాటికీ రయ్యిమని లేస్తోందంటే ఇంజన్ మనతో ఒకటే మాట చెబుతోంది: నువ్వు మూసినంతా నేను పీల్చి తెచ్చుకోవాల్సి వస్తోంది అని. ఇంతకన్నా తేలికైన గేజి ఏముంది? చెవులు చాలు.

మూడోది, మూసే పద్ధతి. ఒక పక్క అట్ట పెట్టి ఇంకో పక్క వదిలేస్తే ఫ్యాను రెక్కలు ఒక అర చుట్టులో గాలిని కోస్తాయి, ఇంకో అర చుట్టులో ఖాళీని కోస్తాయి. చుట్టు చుట్టుకీ కొట్టుడే. కొన్నాళ్లకి రెక్క మొదట్లో పగులు. ఫటీగ్ అని డిజైన్ సబ్జెక్టులో చదివింది ఇదే. ఇంటర్‌కూలర్ విషయంలో కూడా అంతే. కొన్ని గొట్టాలు పూర్తిగా కవరు వెనక, కొన్ని పూర్తిగా గాలిలో ఉంటే, వేడివి సాగుతాయి, చల్లవి సాగవు, రెండూ ఒకే హెడర్‌కి అతికి ఉంటాయి. అతుకులు విడిపోతాయి. అందుకే ట్రక్కుల డ్రైవర్ పుస్తకాల్లో ఇలా ఉంటుంది: ఎప్పుడూ గ్రిల్లులో కనీసం నాలుగో వంతు తెరిచి ఉంచాలి, ఆ సందులు గొట్టాలకి అడ్డంగా ఉండాలి. అంటే ప్రతి గొట్టానికీ కాస్త నీడ, కాస్త గాలి సమానంగా అందాలి.

నాలుగో వంతే ఎందుకు?

ఇది చదివినప్పుడు నాకు కుదురు లేకపోయింది. ఎవరో నోటికొచ్చిన అంకె వేశారా, లేక దీనికో లెక్క ఉందా? క్యాంటీన్ బిల్లు వెనక వేసి చూశాను.

రేడియేటర్ వదిలే వేడి ప్రధానంగా కూలెంట్‌కీ గాలికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. మే నెల విజయవాడలో గాలి 45, కూలెంట్ 90 అనుకుందాం. తేడా 45. అదే కూలెంట్ మైనస్ 35 గాలిలో ఉంటే తేడా 125. అంటే ఒకే వేడిని వదలడానికి మూడో వంతు పైన కొద్దిగా, 36 శాతం గాలి చాలు. ఇంకోటి, చల్లగాలి చిక్కన. 45 డిగ్రీల గాలితో పోలిస్తే మైనస్ 35 గాలి సాంద్రత 1.34 రెట్లు. 36ని దానితో భాగిస్తే 27. అదిగో, నాలుగో వంతుకి కూతవేటు దూరం!

ఇది మోటు లెక్క. సందు సగం చేస్తే గాలి సరిగ్గా సగం కాదు, వేడి బదిలీ అంత సూటి గీతలో నడవదు. మన హీట్ ట్రాన్స్‌ఫర్ మేడమ్ ఈ పేజీ చూస్తే ఎర్రపెన్ను తీస్తారు. అయినా ఈ మోటు లెక్క ఒక ముఖ్యమైన విషయం చెబుతుంది. ఎండాకాలం ఫుల్ లోడుకి తయారు చేసిన రేడియేటర్‌కి, ఎముకలు కొరికే చలిలో కూడా ఫుల్ లోడు వస్తే నాలుగో వంతు గాలి కావాలి. సున్నా ఎప్పుడూ చాలదు.

అదే లెక్క సున్నా డిగ్రీలకి వేయండి. తేడా 90. యాభై శాతం. సాంద్రత 1.16 రెట్లు. తేలేది 43 శాతం. అంటే మైనస్ 35లో సరిగ్గా సరిపోయిన కవరు, సున్నా డిగ్రీల దగ్గర అదే లోడుకి చాలా ఎక్కువ మూత. కవరు మారలేదు, బండి మారలేదు, ఊరు కూడా మారలేదు, వాతావరణం మారింది.

అక్కడ వాతావరణం ఎంత త్వరగా మారుతుందో మనం ఊహించలేం. రాకీ పర్వతాల తూర్పు వాలున చినూక్ అనే పొడి వెచ్చటి గాలి వీస్తుంది. ఆల్బర్టాలో అది మామూలు సంగతి. కొన్ని గంటల్లోనే ఇరవై డిగ్రీలు పెరుగుతుంది. అమెరికాలో సౌత్ డకోటాలోని స్పియర్‌ఫిష్ అనే ఊళ్లో 1943 జనవరి 22 పొద్దున మైనస్ 20 ఉన్న ఉష్ణోగ్రత రెండే నిమిషాల్లో 7కి ఎగబాకింది. అది ప్రపంచ రికార్డు. నవంబరులో కట్టి మార్చిలో విప్పుదాం అనుకునేవాడికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. కవరు అంటే సీజన్‌కోసారి మార్చే టైరు కాదు. గొడుగు లాంటిది. వాన చూసి తెరవాలి, చూసి మూయాలి.

మన లదాఖ్‌లో ఇంకో మెలిక

కెనడా దాకా ఎందుకు, మన దేశంలోనే ద్రాస్, కార్గిల్, లేహ్ దారుల్లో మైనస్ 20 మామూలే. పొద్దున్నే డీజిల్ ట్యాంకు కింద మంట పెట్టి బండి లేపే లారీవాళ్ల వీడియోలు మీరూ చూసి ఉంటారు. డీజిల్‌లో ఉండే మైనం చలికి గడ్డకట్టి ఫిల్టర్‌లో అడ్డం పడుతుంది, అందుకా అగచాట్లు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ వాళ్లు లదాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని చలికాలపు డీజిల్ తెచ్చారు. అది గొప్ప మార్పు. ఇక్కడ ఒకటి గమనించండి: గ్రిల్ కవరు ఈ సమస్యకి మందు కాదు. ట్యాంకు బయట ఉంది, కవరు ముందు ఉంది. అలాగే కవరు వేడిని పుట్టించదు, ఉన్నదాన్ని పోనివ్వదు, అంతే. ఆపిన బండికి అది దుప్పటి కాదు. అందుకే ఎడ్మంటన్‌లో రాత్రి బండి ఆపితే ఇంజన్ బ్లాకు హీటరు ప్లగ్గు పెట్టడానికి పార్కింగ్ దగ్గర కరెంటు పాయింట్లు ఉంటాయి. ఫోన్‌కి ఛార్జింగు పెట్టినట్టు బండికి పెట్టి పడుకుంటారు.

లదాఖ్‌లో మెలిక ఎత్తు. ఐదువేల మీటర్ల పైన ఉన్న కనుమల దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 40 శాతం తక్కువ. మనం ఇందాక చల్లగాలి చిక్కన అని ఏ లాభం లెక్కేసుకున్నామో, అది ఇక్కడ కొండెక్కి కరిగిపోతుంది. మామూలు నీరు అక్కడ 83 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. రేడియేటర్ మూత పట్టిన ఒత్తిడి వల్ల కూలెంట్ బతికిపోతుంది గానీ, ఆ మూత రబ్బరు కాస్త లూజైతే అంతే సంగతులు. దానికి తోడు కనుమ ఎక్కేటప్పుడే ఇంజన్ మీద గరిష్ఠ లోడు, బండి వేగం కనిష్ఠం. కాబట్టి చలి ఒకటే చూసి కవరు బిగిస్తే దెబ్బ తింటాం. ఎక్కేముందు తెరవాలి, దిగేముందు మూయాలి. దిగేటప్పుడు ఇంజన్‌కి పనే ఉండదు, గాలి మాత్రం మొహాన కొడుతుంది. ఘాట్ దిగి ఇంజన్ ఆరిపోయినంత చల్లబడటం అక్కడివాళ్లకి అనుభవమే.

అన్నయ్యకి పంపిన జవాబు

గ్రూపులో నేను రాసింది ఇంతే. అన్నయ్యా, నీ ట్రక్కు పుస్తకంలో వింటర్ ఫ్రంట్ పేజీ వెతుకు, ఆ మాటే చివరి మాట, నా మాట కాదు. గడ్డకట్టే చలి లేకపోతే కవరు తీసెయ్. చలి ఉండి, ముల్లు రావాల్సిన చోటికి రాకపోతేనే కట్టు. నాలుగో వంతు ఎప్పుడూ తెరిచే ఉంచు, రెండు పక్కలా సమానంగా. అట్టముక్క రేడియేటర్‌కీ ఇంటర్‌కూలర్‌కీ మధ్యలో దోపకు. జారితే తెలియదు, చిరిగితే ఫ్యానులో పడుతుంది. లోడు ఎక్కినా, ఎక్కుడు దారి వచ్చినా, ఎండ కాసినా దిగి కిటికీలు తెరువు. ఫ్యాను ఊరికే లేస్తుంటే ఇంకా తెరువు. కూలెంట్ గేజితో పాటు లోపలికెళ్లే గాలి వేడి కూడా చూడు. ఇవన్నీ చేసినా ఇంజన్ వేడెక్కకపోతే కవరుని తిట్టకు, థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయిందేమో చూపించు.

వాడి జవాబు: "దిగి తెరవాలా? మైనస్ 30లోనా? నువ్వొచ్చి తెరువు రా." న్యాయమే. ఈ మొత్తం వ్యవహారంలో నిజమైన కష్టం ఇదే. చెప్పడం వెచ్చగా ఉంటుంది, చేయడం చల్లగా ఉంటుంది. అందుకే కొన్ని కొత్త బండ్లలో గ్రిల్లు వెనకే కంప్యూటర్ తెరిచి మూసే రేకులు పెడుతున్నారు. మనిషి దిగక్కర్లేదు. అన్ని బండ్లకీ ఆ భాగ్యం లేదు కాబట్టి కవరు ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది. వాడు మాత్రం ఇప్పుడు పెట్రోలు బంకు దగ్గర ఆగిన ప్రతిసారీ కిటికీలు చూసుకుంటున్నాడట. పెద్దమ్మ చెప్పింది.

ఇక మన సంగతి

ఇందాక చివర్లో చెబుతానన్న మాట ఇది. మనకి మైనస్ 35 లేదు. లంబసింగిలో సున్నా దగ్గరికి వస్తే జనం కార్లేసుకుని వెళ్లి ఫొటోలు దిగుతారు. మనకి గ్రిల్ కవరు అక్కర్లేదు. కానీ మన దగ్గర అదే జబ్బు తిరగబడి ఉంది.

మా మావయ్యకి ఒక పాత లారీ ఉంది. ఒక మేలో ఇంజన్ పొంగితే ఒక షెడ్డులో థర్మోస్టాట్ పీకేశారు. "ఇది మన ఎండలకి పనికిరాదు, అడ్డం" అన్నారట. పొంగడం ఆగింది కాబట్టి మావయ్యకి ఆ మెకానిక్ దేవుడు. అసలు రేడియేటర్ సగం పూడుకుపోయి ఉంది, అది ఎవరూ చూడలేదు. థర్మోస్టాట్ ఆ గదిలో ఏ మూల పడిందో కూడా తెలియదు. డిసెంబరులో ఆదిలాబాద్ మీదుగా నాగపూర్ రాత్రి ట్రిప్పులు వేస్తుంటే గేజి ముల్లు కింది గీత దాటదు. మైలేజీ పడిపోయింది, ఆయిల్ తొందరగా పాడవుతోంది. "బండి చల్లగా ఉంది కదా అల్లుడూ, ఇంకేం కావాలి?" అంటాడు మావయ్య. చల్లగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే అన్నది మనిషికి ఎంత తప్పో ఇంజన్‌కీ అంతే తప్పు.

ఎడ్మంటన్‌లో పూర్తిగా మూసేసేవాడూ, మన దగ్గర పూర్తిగా పీకేసేవాడూ ఒకే తానులో ముక్కలు. ఇద్దరూ ఒక్కసారి చేసి మర్చిపోయే పని కోరుకుంటున్నారు. ఇంజన్ మాత్రం రోజూ చూడమంటోంది. నేను వాళ్లని తప్పు పట్టలేను. రాత్రంతా స్టీరింగ్ పట్టుకున్నవాడికి ఇంకో గేజి చూడమని చెప్పడం సులువు కాదు. తప్పు పట్టాల్సింది డిగ్రీలు పట్టుకున్న మనల్ని. వేడి పైహద్దు మనకి నోటికొచ్చు, కింది హద్దు ఉందని గుర్తుండదు. రేపు మనలో కొందరు ఇలాంటి బండ్లే డిజైన్ చేస్తారు, కొందరు సర్వీస్ మాన్యువల్ రాస్తారు. ఆ రాసేవాళ్లని నేను అడిగేది ఒకటే: "కవరు వాడరాదు" అనో "వాడవచ్చు" అనో ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఎంత చలికి, ఎంత లోడుకి, ఎంత తెరవాలో ఒక చిన్న పట్టిక వేయండి. వీలైతే తెలుగులో కూడా వేయండి. మా మావయ్య ఇంగ్లీషు చదవడు, పట్టిక చదువుతాడు.

ఈ సంక్రాంతి సెలవుల్లో ఆ లారీకి కొత్త థర్మోస్టాట్ వేయించి, ముందు రేడియేటర్ రాడింగ్ చేయించాలని నా పట్టుదల. మావయ్య ఇంకా ఊఁ అనలేదు. ధర తెలుసుకున్నాను, ఆయన ఒక ట్రిప్పులో టీలకీ టిఫిన్లకీ పెట్టే ఖర్చు కన్నా ఎక్కువేం కాదు.